అప్‌డేట్: తప్పు పిస్టల్‌ది కాదు, నా వేలిది

ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఎప్పుడూ కింద ఎడమకే పోతున్నాయని, కొత్తగా మోరిని కంపెనీ పిస్టల్ కొనాలా, స్టైర్ కంపెనీది కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. ఏదీ కొనలేదు. ముందు ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూడమన్న పెద్దాయన మాటే నిజమైంది. హనుమకొండలో మా ఇంటి తెల్లగోడకు ఎదురుగా నిలబడి, పెల్లెట్ లేకుండా నొక్కితే, ముందు సైటు (గురి చూసేందుకు గొట్టం చివర ఉండే ముక్క) చివరి క్షణంలో కిందికి ముక్కు వంచడం కళ్లారా చూశాను. అర కిలో బరువు చాలే ట్రిగ్గర్‌ను బోరింగు కొట్టినట్లు లాగుతున్నాను మరి! ఇప్పుడు చూపు లక్ష్యం మీద కాదు, సైటు మీదే. 10 మీటర్ల దూరంలో లక్ష్యం నడిమధ్య ఉండే పదో వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే, అందులో ఇంకా అరుదుగానే పడుతున్నాయి. ఎడమ మూల పీడ మాత్రం విరగడైంది. మోరిని మీద మోజు అలాగే ఉంది.