బఫన్ ఇరవై ఎనిమిదేళ్ల గోల్‌కీపింగ్: ఇంతకాలం నిలబడడానికి అసలు కారణం ఏమిటి?

ప్రశ్న – ఓరుగల్లు వాసి

ఇటలీ గోల్‌కీపర్ జాన్‌లుయిజి బఫన్ 1995 నవంబరు 19న పార్మా క్లబ్ తరఫున మిలాన్ మీద తన మొదటి సీరీ ఎ (ఇటలీ అగ్రశ్రేణి లీగ్) మ్యాచ్ ఆడినప్పుడు ఆయన వయసు పదిహేడేళ్లు. 2023 ఆగస్టులో అదే పార్మాలో ఉండగా ఆటకు స్వస్తి చెప్పేనాటికి నలభై అయిదేళ్లు నిండాయి. ఈ మధ్యలో ఇటలీకి 176 మ్యాచ్‌లు, సీరీ ఎ లో 657 మ్యాచ్‌లు ఆడారు. గోలీలు ఎక్కువకాలం ఆడడానికి మనవాళ్లు తడుముకోకుండా చెప్పే కారణం ఒకటుంది: వాళ్లు పరుగెత్తనక్కర్లేదు కదా అని. నాకు ఆ మాట మింగుడుపడడం లేదు. పరుగు తక్కువ కావడమే కారణమైతే ప్రతి గోలీ నలభై దాటేదాకా ఆడాలి. చాలామంది అంతకు ఎంతో ముందే తప్పుకుంటున్నారు. బఫన్ విషయంలో శరీరం ఎంత, నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్నది ఆట దగ్గరగా తెలిసినవారు వివరిస్తే బాగుంటుంది.

సమాధానం – పాత గోలీ, సికింద్రాబాద్

మీ అనుమానం సరైనదే. గోలీ పరుగు తక్కువన్నది నిజం, కానీ ఆయన శరీరం అరిగేది పరుగు వల్ల కాదు. ప్రాక్టీసులో ఒక్క పూటలో ఎన్నిసార్లు పక్కకు దూకి తుంటి మీద, భుజం మీద పడతాడో, ఎన్ని బంతులు వేళ్లను వెనక్కి విరిచినంత పని చేస్తాయో మైదానం బయటివారికి కనిపించదు. స్థానిక లీగ్‌లో చాలా ఏళ్లు గోల్‌పోస్టుల మధ్య నిలబడినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ముందుగా మొరాయించేవి మోకాళ్లు కావు, నడుమూ వేళ్లూ. బఫన్‌కూ ఆ బాధ తప్పలేదు. ఐరోపా దేశాల టోర్నీ 2000 యూరోకు ముందు చెయ్యి విరగడంతో ఆ టోర్నీ మొత్తం పోయి, ఆయన చోట తోల్దో ఆడాడు. 2010 ప్రపంచకప్‌లో పరాగ్వేతో మొదటి మ్యాచ్ సగంలోనే వెన్ను పట్టేసి బయటికి వెళ్లిపోయారు, మళ్లీ ఆ టోర్నీలో దిగలేదు.

శరీరం అనుకూలించిందన్నదీ కొట్టిపారేయలేం. తల్లి డిస్కస్ త్రోలో, అక్కలు వాలీబాల్‌లో పేరు తెచ్చుకున్న ఇల్లు అది. మనిషి ఎత్తు 1.92 మీటర్లు. చిన్నప్పుడు మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతూ, 1990 ప్రపంచకప్‌లో కామెరూన్ గోలీ తోమా ఎన్‌కోనోను చూసి ముచ్చటపడి గోల్‌పోస్టుల మధ్యకు వచ్చారు. పెద్దకొడుకు పేరులోనూ తోమాను చేర్చుకున్నారంటే ఆ అభిమానం ఎంతటిదో తెలుస్తుంది.

అయితే నా దృష్టిలో అసలు కారణం వేరు. వయసుతో పాటు ఆయన తన ఆటను మార్చుకున్నారు. పార్మా రోజుల వీడియోలు చూడండి: ముందుకు ఉరుకుతారు, ఫార్వర్డ్ కాళ్ల మీదికి దూకుతారు, ఆలస్యమైనా ఒంటి స్ప్రింగుతోనే కాపాడుకోగలరు. ముప్పై అయిదు దాటిన బఫన్ నిలబడే ఉంటారు. బంతిని తన్నబోయేవాడి కాలు వెనక్కి లేచేలోపే రెండు మూడు చిన్న అడుగులతో కోణం మూసేసి, కాలు బంతిని తాకే క్షణానికి రెండు పాదాలూ నేల మీద ఆనించి, బరువు పాదాల ముందు భాగం మీద ఉంచి కదలకుండా ఉంటారు. అలా చోటు కుదిరినప్పుడు సగం షాట్లు ఒంటి మీదికే వస్తాయి, దూకే అవసరమే రాదు. చూసేవారికి అది సులువైన సేవ్‌లా కనిపిస్తుంది. గోలీ గొప్పగా దూకాడని చప్పట్లు పడిన చాలా సందర్భాల్లో, అంతకు ముందు అతడు తప్పు చోట నిలబడ్డాడన్నది మా కోచ్ ఎప్పుడూ అనే మాట.

2006 జులై 9న బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్ అదనపు సమయంలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో కొట్టిన బంతిని బార్ మీదుగా పైకి తోసిన సేవ్ ఇందుకు మంచి ఉదాహరణ. కుడి పక్కనుంచి క్రాస్ గాలిలో ఉండగానే ఆయన గోల్ మధ్యకు జరిగిపోయి ఉన్నారు. అందుకే అంత దగ్గరి హెడర్‌కు చెయ్యి ఒక్కటి పైకి లేస్తే సరిపోయింది. ఆ టోర్నీ మొత్తంలో ఇటలీ వలలో పడినవి రెండే గోల్స్. ఒకటి అమెరికాతో మ్యాచ్‌లో జక్కార్దో సొంత వలలోకే కొట్టినది, రెండోది ఫైనల్లో జిదాన్ పెనాల్టీ. ప్రత్యర్థి ఆటగాడు ఆట మధ్యలో ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాడు.

సమాధానం – గోదావరి గట్టు

పై సమాధానంలో చెప్పిన నేర్పుతో నాకు పేచీ లేదు కానీ, కథలో ఒక భాగం విడిచిపెట్టారు. 2015-16 లో యువెంటస్ తరఫున సీరీ ఎ లో 974 నిమిషాలపాటు గోల్ ఇవ్వకుండా, మిలాన్ గోలీ సెబాస్టియానో రోస్సి పేరున్న 929 నిమిషాల రికార్డును బఫన్ దాటారు, నిజమే. ఆ నిమిషాల్లో ఆయన ముందు నిలబడ్డ డిఫెండర్లు బర్జాలీ, బొనూచి, కియెల్లీని. ఆ ముగ్గురి వెనక నిలబడే గోలీకి మంచి షాట్ ఎదురయ్యేది ఎప్పుడో గాని కాదు. ఆ పరంపర తెగింది కూడా టొరినోతో మ్యాచ్‌లో బెలొట్టి పెనాల్టీతోనే.

ఆ రక్షణ లేని చోట ఏం జరిగిందో 2019 మార్చి 6న పారిస్‌లో చూశాం. మాంచెస్టర్ యునైటెడ్ గడ్డ మీద 2–0 తో గెలిచి వచ్చిన పీఎస్‌జీ (బఫన్ అప్పుడు ఆడుతున్న పారిస్ క్లబ్) హాయిగా ముందుకు వెళ్లాల్సిన రాత్రి అది. మొదటి సగంలో రాష్‌ఫర్డ్ దూరం నుంచి కొట్టిన బంతి బఫన్ పట్టులో నిలవలేదు; ఎదటికే జారిన ఆ బంతిని లుకాకు వలలోకి నెట్టేశాడు. పీఎస్‌జీ 1–3 తో ఓడి, రెండు మ్యాచ్‌ల మొత్తం 3–3 అయినా ప్రత్యర్థి గడ్డ మీద కొట్టిన గోల్స్ లెక్కలో వెనకబడి, ఐరోపా క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్ నుంచి బయటపడింది. పాతికేళ్ల బఫన్ దాన్ని రొమ్ముకు హత్తుకునేవారు. వయసు మొదట తీసుకుపోయేది దూకుడును కాదు, ఇలా తడిసిన బంతిని పట్టే ఆ అరక్షణాన్ని.

ఇంకొకటి. గోలీ స్థానం ఒక్కటే కాబట్టి పేరున్నవాడు దాన్ని అంత తేలిగ్గా వదులుకోడు, కోచ్ కూడా తీయడానికి జంకుతాడు. కీర్తి కూడా ఆయుర్దాయం పెంచుతుందని ఒప్పుకోవాలి.

సమాధానం – బోస్టన్ నుంచి నెల్లూరు

గోదావరి గట్టు గారి మాట పాక్షికంగా ఒప్పుకుంటాను. పారిస్ పొరపాటును ఎవరూ కప్పిపుచ్చలేరు. కానీ స్థానం వదులుకోరన్నది బఫన్‌కు వర్తించదు. 2019 లో యువెంటస్‌కు తిరిగి వచ్చినప్పుడు అక్కడి ప్రధాన గోలీ షెజ్నీ ఒకటో నంబరు చొక్కా ఇవ్వజూపాడు, కియెల్లీని కెప్టెన్ పట్టీ ఇవ్వజూపాడు. రెండూ వద్దని 77 నంబరు వేసుకుని, రెండో గోలీగా బెంచీ మీద కూర్చున్నారు. దొరికిన కొద్ది మ్యాచ్‌లలోనే 2020 జులైలో టొరినో మీద తన 648వ సీరీ ఎ మ్యాచ్ ఆడి పావొలో మల్దీని 647 రికార్డును దాటారు. 2021 మేలో అట్లాంటా మీద గెలిచిన ఇటలీ కప్ ఫైనల్లో గోల్ కాచింది కూడా ఆయనే. జాతీయ జట్టులోనూ 2016 సెప్టెంబరులో బారీలో ఫ్రాన్స్‌తో మ్యాచ్ విరామంలో తన చోటును పదిహేడేళ్ల దొన్నారుమ్మాకు ఇచ్చి బయటికి వచ్చారు.

అడిగినవారు శరీరం, నేర్పు, అదృష్టం అన్నారు. నాకు వీటికంటే మనసు ముఖ్యమనిపిస్తుంది. 2003-04 సీజనులో తాను కుంగుబాటుతో బాధపడ్డానని, కాళ్లు ఉన్నట్టుండి వణికేవని ఆయనే తర్వాత బయటపెట్టారు. అప్పటికి వయసు ఇరవై ఆరు, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన గోలీ. 2001 లో పార్మా నుంచి యువెంటస్ ఆయన్ను కొన్న ధర 2018 దాకా గోలీల్లో రికార్డుగా నిలిచింది. మరొకరైతే అక్కడే ఆగిపోయేవారు. 2006 లో ప్రపంచకప్ గెలిచి వచ్చేసరికి యువెంటస్‌ను సీరీ బి కి దించేశారు. కన్నవారో, జాంబ్రొట్టా లాంటివాళ్లు స్పెయిన్ దారి పట్టినా ఈయన ఉండిపోయారు. చాంపియన్స్ లీగ్ ఫైనల్ 2003, 2015, 2017 లలో మూడుసార్లు ఆడి మూడుసార్లూ ఓడారు. 2017 నవంబరులో స్వీడన్ చేతిలో ఇటలీ ప్రపంచకప్ దారి మూసుకుపోయింది. గోలీకి ఓటమి ఇతర ఆటగాళ్ల ఓటమి లాంటిది కాదు, చివరి చెయ్యి ఎప్పుడూ అతడిదే అవుతుంది. వాటిని మోసుకుంటూ మర్నాడు ప్రాక్టీసుకు వెళ్లగలిగినవాడే నలభై దాటతాడు.

ఓరుగల్లు వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. కాలు వెనక్కి లేవకముందే చోటు కుదరడం అన్న మాట నాకు కొత్తగా అనిపించింది. పాత మ్యాచ్‌లలో ఏవి చూస్తే ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుందో చెప్పగలరా?

పాత గోలీ, సికింద్రాబాద్

ముందుగా 1997 అక్టోబరులో మాస్కో మంచులో రష్యాతో ఆడిన మ్యాచ్ చూడండి. పల్యూకా గాయపడడంతో పందొమ్మిదేళ్ల వయసులో ఇటలీ తరఫున మొదటిసారి దిగినది అదే. తర్వాత 2003 మేలో ట్యురిన్‌లో రియల్ మాడ్రిడ్‌తో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్; ఫీగో పెనాల్టీ ఆపినది అందులోనే. ఆ వెంటనే 2015-16 యువెంటస్ మ్యాచ్ ఏదైనా పెట్టుకుని బంతిని వదిలేసి ఆయన పాదాలను మాత్రమే చూడండి. పారిస్ మ్యాచ్ కూడా చూడవలసిందే, గోదావరి గట్టు గారు చెప్పిన ఆ గోల్ దగ్గర ఆపి మరీ.