తొలి కాన్పు: ఉదయగిరిలో ఉంటున్నాం, పుట్టింటికి ఏ నెలలో పోవాలి?

దుర్గం కింద అమ్మాయి:
అక్కలకు, అమ్మలకు నమస్తే. ఆయన ఉద్యోగం ఉదయగిరిలో. అత్తామామలు కూడా మాతోనే ఉంటారు. నాకు తొలిచూలు, ఇప్పుడు పందొమ్మిదో వారం. మే 28 డేటు ఇచ్చారు. మా పుట్టిల్లు అల్లూరు. అమ్మ ఏడో నెలలోనే రమ్మంటది. మా అత్త తొమ్మిది పడ్డాక సీమంతం చేసి పంపిస్తానంటది. ఎనిమిదిలో మాత్రం ఊరు దాటకూడదని ఇద్దరిదీ ఒకే మాట. తొమ్మిదో నెలంటే మండే ఎండల్లో పోవాలి. ఈడ్నించి నెల్లూరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఈలోపు ఏదన్నా అయితే ఎట్టా అని భయంగా ఉంది.

ఇంకో రెండు సంగతులు. రక్తం 9.2 ఉందన్నారు. ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి అవతా ఉంది. అది మింగితే బిడ్డ నల్లగా పుడతదని అత్త అంటే, నిజం చెప్తున్నా, పది రోజులుగా మానేశా. ఐదో నెల స్కాను సంక్రాంతికి పుట్టింటికి పోయినప్పుడు చేయించుకుందామని ఆగా. పర్లేదా?

దుత్తలూరు కోడలు:
చెల్లీ, తొమ్మిదో నెల దాకా ఉండబాకు. నేను ఉండి చూశాను. ఇంకో నాలుగు రోజుల్లో ప్రయాణం అనగా రాత్రి పదకొండుకి ఉమ్మనీరు పోయింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోతే ఆపరేషన్ పడితే మత్తు డాక్టరు లేరు, నెల్లూరు పొండి అన్నారు. 108లో ఆత్మకూరు దాటేసరికి మా ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. దేవుడి దయ, తల్లీబిడ్డా బాగుండాం. కానీ ఆ రెండు గంటలు ఎవరికీ వద్దు.

రిటైర్డ్ ఏఎన్ఎం, ఆత్మకూరు:
అమ్మాయ్, ముందు స్కాను సంగతి. దాన్ని టిఫా అంటారు. బిడ్డ గుండె, వెన్నెముక, మెదడు, మూత్రపిండాలు అన్నీ సరిగా ఏర్పడ్డాయా లేదా చూస్తారు. 18 నుంచి 20 వారాల్లో చేయించుకోవడం మంచిది, 22 దాటనీయకూడదు. నీ లెక్కకు సంక్రాంతి నాటికి 21 వారాలు వస్తాయి. పండగ మూడు రోజులూ స్కాన్ చేసే డాక్టర్లు ఊళ్ళో ఉండరు. భోగి కంటే ముందే పో. ఆడా మగా అని మాత్రం అడగొద్దు, 1994 చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, అడగడమూ నేరమే.

ఇక ఐరన్. 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. నీ 9.2 నడిమి రకం. నీలాంటి వాళ్ళకు రోజుకు ఒకటి చాలదు, మామూలుగా రెండు రాస్తారు. డాక్టర్ని అడిగి వేసుకో. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు మింగు, వాంతి తగ్గుతుంది. నిమ్మకాయ నీళ్ళతో అయితే ఒంటికి బాగా పడుతుంది. టీతో, పాలతో మాత్రం వద్దు. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, అది ఐరన్‌ను ఒంటికి పట్టనీయదు, పగలు వేరేగా వేసుకో. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడకు. నల్లబడేది అదొక్కటే, బిడ్డ కాదు! మీ అత్తకు ఈ మాట చెప్పు, నవ్వుతుంది. నెల తర్వాత మళ్ళీ రక్తం చూపించుకో. ఒక గ్రాము కూడా పెరక్కపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది. కాన్పులో రక్తం పోవడం మామూలే, కానీ 8 గ్రాములతో బల్ల ఎక్కినామెకి ఆ పోయేదే ప్రాణం మీదికి తెస్తుంది. నా సర్వీసులో నాకు నిద్ర లేకుండా చేసింది బీపీ, ఈ రక్తహీనత, ఈ రెండే.

పుట్టింటి సంగతికి వస్తా. తొలికాన్పు నొప్పులు మొదలయ్యాక మామూలుగా చాలా గంటలు పడుతుంది. అందుకే పెద్దవాళ్ళు ‘అప్పుడు చూసుకోవచ్చులే’ అంటారు. నొప్పులకైతే ఆ మాట నిజమే. రక్తం పోవడం మొదలైనా, ఫిట్స్ వచ్చినా ఆ టైం ఉండదు. ఏడో నెలలో, అంటే మార్చిలో, ఎండలు ముదరక ముందే పో. బేసి నెల గనక మీ అత్త మాటా నిలబడుతుంది. సీమంతం కూడా ఏడులోనే చేసుకోవచ్చు, చాలా ఇళ్ళలో చేస్తారు.

అల్లూరు పోతే పని అయిపోలేదు. కాన్పు ఎక్కడో ఇప్పుడే తేల్చుకో. ఏ ఆసుపత్రినైనా మూడే అడుగు: రాత్రిపూట మత్తు డాక్టరు వస్తారా, పిల్లల డాక్టరు ఉంటారా, రక్తం కావాలంటే ఎంతసేపట్లో తెస్తారు? నెల్లూరులో పెద్దాసుపత్రి ఉంది, రెడ్‌క్రాస్ రక్తనిధి ఉంది, అందుకే నేను నెల్లూరే అంటాను. నీ గ్రూపు నెగెటివ్, మీ ఆయనది పాజిటివ్ అయితే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లీబిడ్డల గ్రూపులు పడక తర్వాతి కాన్పుల్లో బిడ్డకు ముప్పు రాకుండా వేసేది) సంగతి మర్చిపోవద్దు.

వింజమూరు బావ:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. మాతృ వందన పథకం కింద తొలి బిడ్డకు 5,000. అర్హత ఉంటే, గర్భం నమోదై ఒక పరీక్ష అయ్యాక 3,000, పుట్టిన నమోదు, మొదటి విడత టీకాలు అయ్యాక 2,000. మా ఇంట్లో ఆమె ఖాతాకు ఆధార్ లింక్ కాక ఆరు నెలలు తిరిగా. ముందే చూసుకోండి. ఎంసీపీ కార్డు, అదే తల్లీబిడ్డల పరీక్షలు, టీకాలు రాసే కార్డు, లామినేషన్ చేయించొద్దు, మళ్ళా రాయడానికి వీల్లేక నర్సమ్మ తిట్టింది.

రిటైర్డ్ ఏఎన్ఎం, ఆత్మకూరు:
బాగా గుర్తు చేశావు నాయనా. అమ్మాయ్, ఆ కార్డు ఎప్పుడూ నీ చేతి సంచిలోనే ఉండాలి. అల్లూరు పోయిన మొదటి వారంలోనే అక్కడి ఆశాకు చూపించి పేరు రాయించుకో. ప్రతి నెల 9న సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు, ఆ రోజు వదులుకోకు. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే ఇంటికి దించడానికి 102 తల్లీబిడ్డ బండి వస్తుంది.

దుర్గం కింద అమ్మాయి:
అమ్మా, చదివి మా అత్తకు వినిపించా. నల్లబడేది ఏందో చెప్తే నిజంగానే నవ్వింది. ఏడో నెలకు ఒప్పుకుంది, కానీ కాన్పయ్యాక పథ్యం మాత్రం తన లెక్కలోనే అంటది. నీళ్ళు తక్కువ తాగాలంట, ఫ్యాను వద్దంట.

రిటైర్డ్ ఏఎన్ఎం, ఆత్మకూరు:
రోహిణి కార్తెలో బాలింతకు నీళ్ళు తగ్గిస్తే పాలెక్కడ్నించి వస్తాయి? మూత్రంలో మంట తోడవుతుంది. కాయం ముద్ద పెట్టనీ, రెండు పూటలా వేడన్నం పెట్టనీ, వద్దనకు. నీళ్ళ విషయంలో మాత్రం తగ్గొద్దు. బిడ్డకు గంటలోపే ముర్రుపాలు పట్టు. తేనె, ఆముదం, గాడిదపాలు ఎవరు తెచ్చినా దండం పెట్టి పక్కన పెట్టు.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకలేసినా, ముఖం ఉబ్బినా, ఎర్రచుక్క కనిపించినా, ఏడో నెల దాటాక బిడ్డ కదలిక తగ్గినా, తెల్లారనీలే అనుకోకుండా అదే రాత్రి బయల్దేరాలి. ఇది మీ ఆయనకు కూడా చదివి వినిపించు.

దుర్గం కింద అమ్మాయి:
ఆయన పక్కనే ఉండాడు, చదివాడు. స్కానుకు ఎల్లుండి పొద్దున మొదటి బస్సుకు పోతున్నాం. ఒక్కటి అడుగుతా అమ్మా, ఏమనుకోవద్దు. నీళ్ళు నిండుగా తాగి మూత్రం ఆపుకోని కూర్చోవాలంట కదా? నెల్లూరు దాకా బస్సులో ఎట్టా?

రిటైర్డ్ ఏఎన్ఎం, ఆత్మకూరు:
అది మొదటి నెలల స్కాన్‌కి. ఐదో నెలలో మామూలుగా అక్కర్లేదు, కావాలంటే వాళ్ళే అక్కడ నీళ్ళిచ్చి కూర్చోబెడతారు. ఆత్మకూరు బస్టాండులో దిగి పోయి రా. టిఫిన్ కూడా తిను, ఖాళీ కడుపుతో పోబాకు.