పాత పెట్రోల్ కారు: మైలేజ్ మూడో వంతు తగ్గింది, ప్లగ్గులకి మసి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్_వాసి
అందరికీ నమస్తే. నాది 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, బీఎస్-4. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. పాత ఓనర్ సిటీలో 14-15 వస్తుందన్నారు, మొదట్లో వచ్చింది కూడా. ఇప్పుడు 10 దాటడం గగనమైపోయింది. పొద్దున స్టార్ట్ చేసి వెనక్కి వెళ్తే పెట్రోల్ వాసన, కళ్లు మండుతాయి. సైలెన్సర్‌లో వేలు పెడితే కాటుకలా అంటుకుంటోంది. ప్లగ్గులు తీయిస్తే నాలుగూ నల్లగా, పొడి మసి. చెక్ ఇంజన్ లైట్ మాత్రం వెలగదు.

మెకానిక్ ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చాడు, ఇంజెక్టర్లు క్లీన్ చేశాడు, ఆఖరికి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది) కూడా కొత్తది వేశాడు. బిల్లు పెరిగింది గానీ మైలేజ్ పెరగలేదు. ఇప్పుడు ఇసిఎమ్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందంటున్నాడు. దాని రేటు వింటేనే టెన్షన్ వస్తోంది. ఏం చేయమంటారు?

కాకినాడ_పెద్దాయన
ముందు ఇసిఎమ్ మాట పక్కన పెట్టండి. అది అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు.

10 అని ఎలా లెక్కేశారు? డ్యాష్‌బోర్డు చూపించేది నమ్మొద్దు. ఒకే బంకులో, ఆటో కటాఫ్ పడేవరకు కొట్టించి, ట్యాంక్ సగం పైన వాడాక మళ్లీ అదే బంకులో కటాఫ్ దాకా కొట్టించి లెక్కెయ్యాలి.

రెండోది, మైలేజ్ తగ్గిందంటే ఇంజనే ఎక్కువ తాగుతోందని కాదు. బండిని ఎవరో వెనక్కి లాగుతూ ఉండొచ్చు. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కుని ముట్టుకోకుండా. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసినట్టే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగుసుకుపోవడం పాత బండ్లలో మామూలే. టైర్లలో గాలి సంగతి చెప్పక్కర్లేదు.

మీకు మసి, వాసన రెండూ ఉన్నాయి కాబట్టి నిజంగానే రిచ్ (గాలికి తగినదానికంటే పెట్రోల్ ఎక్కువ) నడుస్తోందనుకుంటున్నా. ఖాయం చేసుకోవాలంటే పొల్యూషన్ సర్టిఫికెట్ మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూడండి. బీఎస్-4 పెట్రోల్ కారుకి ఐడిలింగ్‌లో పరిమితి 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎమ్. బీఎస్-2, బీఎస్-3కి 0.5, 750. అయితే పైపులో ప్రోబ్ నిజంగా పెట్టి తీయించండి. ఫోటో తీసి కాగితం చేతికిచ్చే చోట ఆ అంకెతో పనిలేదు.

నెల్లూరు_స్పీడ్
ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) దెబ్బ బ్రో. అందరికీ తగ్గింది. సర్దుకుపోవడమే.

కరెంట్_సుబ్బు
ఈ20 వల్ల తగ్గుతుంది, కాదనను. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. 2021లో వచ్చిన నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే, ఈ10కి ట్యూన్ చేసిన పాత కార్లకి ఈ20తో 6-7 శాతం తగ్గుతుందని రాశారు. అంటే 15 వచ్చే బండికి 14. 10 కాదు.

ఇంకోటి, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి పాత బండిలో ఈ20 పోస్తే మిక్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) వైపు జరుగుతుంది, రిచ్ వైపు కాదు. మసి పట్టిన ప్లగ్గులకి ఈ20ని తిట్టడం కుదరదు.

మియాపూర్ గారూ, బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (ఇసిఎమ్ లెక్కలు ఫోన్‌లో చూపించేది) ఒకటి కొనండి, ఈఎల్ఎమ్327 రకం. 2011 బీఎస్-4 కాబట్టి చాలావరకు కనెక్ట్ అవుతుంది. నాలుగు అంకెలు చెప్పండి చాలు: ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో, ఒత్తిడిని కొలిచేది) ఎంత, బాగా నడిపాక కూలెంట్ టెంపరేచర్ ఎంత, ఫ్యూయల్ ట్రిమ్‌లు ఎంత, ఓపెన్ లూపా క్లోజ్డ్ లూపా.

కొత్తవాళ్ల కోసం: ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి (బరువులో) అయితే సరిగ్గా కాలుతుంది. ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఇసిఎమ్ ఆ లెక్క సరిచేసుకుంటూ పోవడమే క్లోజ్డ్ లూప్. అలా ఎంత శాతం పెట్రోల్ పెంచిందో, తగ్గించిందో చెప్పేదే ఫ్యూయల్ ట్రిమ్. సెన్సర్ మాట వినకుండా పట్టికలో రాసుకున్న ప్రకారం పొయ్యడం ఓపెన్ లూప్. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అదే చేస్తుంది, కావాలనే కాస్త ఎక్కువ పోస్తుంది.

విజయనగరం_రాజు
అడాప్టర్ వచ్చేలోపు నా గోల కూడా వినండి. నా బండికి స్కానర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 18 దగ్గర ఉండేది. ప్లస్ అంటే లీన్‌ని సరిదిద్దుతోందని అర్థం కదా. కానీ ప్లగ్గులు నల్లగా! ఇద్దరు మెకానిక్‌లు తలలు గోక్కున్నారు. చివరికి తేలిందేంటంటే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) గాస్కెట్ లీకు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు, వేడెక్కాక పోయేది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోయి ఆక్సిజన్ సెన్సర్‌కి తగులుతోంది. "ఆక్సిజన్ మిగిలిపోతోంది, లీన్" అని అది చెప్పడం, ఇసిఎమ్ ఇంకా పొయ్యడం. సెన్సర్ తప్పేం లేదు పాపం. గాస్కెట్ మార్చాక ట్రిమ్ దిగొచ్చింది.

అందుకే ఆక్సిజన్ సెన్సర్ మార్చే ముందు మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టి వినండి.

మియాపూర్_వాసి
అందరికీ థాంక్స్. అడాప్టర్ వచ్చింది. చక్రాలన్నీ ఒకేలా ఉన్నాయి, బ్రేకు సమస్య లేదు. అంకెలు:

మ్యాప్, ఇంజన్ ఆఫ్‌లో 95 కిలోపాస్కల్. ఇది 101 ఉండాలని ఎక్కడో చదివా, సెన్సర్ పోయిందా?
ఐడిలింగ్‌లో మ్యాప్ 36.
ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో బాగా దూరం నడిపాక కూలెంట్ 58 డిగ్రీలు. సిటీ ట్రాఫిక్‌లో 70 దాకా ఎక్కింది, రోడ్డు ఖాళీ అయితే మళ్లీ దిగింది.
ట్రిమ్‌లు రెండూ సున్నా. ఔటర్ మీద ఉన్నంతసేపూ ఓపెన్ లూప్ అనే చూపించింది.

కరెంట్_సుబ్బు
మ్యాప్ బాగుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, అక్కడ గాలి ఒత్తిడే దాదాపు 95. 101 కావాలంటే బండేసుకుని విశాఖ బీచ్‌కి వెళ్లాలి :) ఐడిలింగ్ 36 కూడా సరైనదే. దాని వాక్యూమ్ హోస్ చిట్లి ఉంటే ఆ అంకె బాగా పైకి పోయేది, ఇసిఎమ్ లోడ్ ఎక్కువుందనుకుని పెట్రోల్ పోసేది.

58 డిగ్రీలే అసలు సంగతి. 82 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వనిది) ఉన్న ఇంజన్ హైవే మీద 58లో ఉండకూడదు. రెండే దారులు. నిజంగానే ఇంజన్ చల్లగా ఉంది, లేదా టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెబుతోంది. సిటీలో ఎక్కి, గాలి తగిలితే దిగుతోందంటే సెన్సర్ నిజమే చెబుతోంది. ఇసిఎమ్ దృష్టిలో మీ బండికి ఇంకా తెల్లారలేదు.

ఓపెన్ లూప్‌లో ట్రిమ్‌లు సున్నా ఉండటం వింతేం కాదు. మీరు కొన్న కొత్త ఆక్సిజన్ సెన్సర్ మాట వినేవాడే లేడు మరి.

కాకినాడ_పెద్దాయన
చెయ్యి చాలు, స్కానర్ కూడా అక్కర్లేదు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన ఇంజన్ నుంచి వచ్చే లావు హోస్ మీద చెయ్యి వేసి ఉంచండి. ఫ్యాన్‌కి, బెల్టుకి చెయ్యి దూరంగా ఉంచుకోవాలి. థర్మోస్టాట్ బాగుంటే ఆ హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, వాల్వ్ తెరుచుకోగానే ఒక్కసారిగా కాలిపోతుంది. స్టార్ట్ చేసినప్పటి నుంచే కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతూ పోతే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది, లేదంటే అసలు లోపల వాల్వే లేదు.

నేను రెండోదానికే పందెం కాస్తా. మన దగ్గర "ఈ ఎండలకి థర్మోస్టాట్ దేనికి సార్, అది చలి దేశాలకి" అని తీసి పారేసే అలవాటు పాతికేళ్లుగా చూస్తున్నా. ఒకసారి బండి హీట్ అయితే చాలు, ముందు దాన్నే పీకుతారు.

మియాపూర్_వాసి
హోస్ మొదటి నుంచే గోరువెచ్చన. హౌసింగ్ రెండు బోల్టులు వేరే మెకానిక్ దగ్గర విప్పించా. లోపల ఖాళీ. వాల్వ్ కూర్చోవాల్సిన గాడిలో తుప్పు, పాత గాస్కెట్ ముక్క తప్ప ఏమీ లేదు. కూలెంట్ బదులు ఎర్రటి నీళ్లు వచ్చాయి. పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే, బండి అమ్మే ముందు ఎండాకాలంలో ఒకసారి హీట్ అయ్యిందనీ, "వాల్వ్ తీయించేశాం, అప్పటి నుంచి ప్రాబ్లం లేదు" అనీ చెప్పారు. నేను కొన్నది ఎండల్లో. చలికాలం వచ్చాకే మైలేజ్ పూర్తిగా పడిపోయింది, ఇప్పుడు అర్థమవుతోంది.

నెల్లూరు_స్పీడ్
మరి తీసేస్తే ఇంజన్‌కి చల్లగా ఉంటుంది కదా, మంచిదే కదా? నా బండికి కూడా లేదనుకుంటా.

కాకినాడ_పెద్దాయన
ఇంజన్‌కి ఎక్కువ వేడి చేటు, తక్కువ వేడీ చేటే. చల్లటి గోడలకి పెట్రోల్ ఆవిరి కాకుండా తడిగా అంటుకుంటుంది. అది సిలిండర్ మీది ఆయిల్ పొరని కడిగేసి కిందకి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగినా అదే కారణం. అలా నడిస్తే పిస్టన్ రింగులు అరుగుతాయి. కాలని పెట్రోల్ వెళ్లి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసేది) కూడా పాడుచేస్తుంది, దాని రేటు ముందు థర్మోస్టాట్ రేటు లెక్కలోకి రాదు.

మెకానిక్‌ల తరఫున ఒక మాట. నీళ్లు పోసి నడిపిన బండ్లలో తుప్పు పట్టి వాల్వ్ మూసుకుని ఇరుక్కుంటే ఇంజన్ హీట్ అయ్యి హెడ్ గాస్కెట్ పోతుంది. ఆ భయంతోనే తీసేస్తారు. కొత్తది వేసి, సరైన కూలెంట్ పోస్తే ఆ భయం ఉండదు. మియాపూర్ గారూ, మీది కూడా అసలు ఎందుకు హీట్ అయ్యిందో చూసుకోండి. రేడియేటర్ క్యాప్, ఫ్యాన్ పనిచేస్తున్నాయో లేదో చూడకుండా వాల్వ్ వేసేసి ఊరుకోవద్దు.

డల్లాస్_తెలుగోడు
ఇక్కడ అయితే పి0128 కోడ్ పడుతుంది, ఇంజన్ అనుకున్న వేడికి రావట్లేదని. రిచ్ అయితే పి0172. మీకు లైట్ ఎందుకు వెలగలేదు?

కరెంట్_సుబ్బు
ఇండియాలో ఓబీడీ-2 వచ్చింది 2013 ఏప్రిల్ నుంచి. దానికి ముందు బీఎస్-4 బండ్లకి ఓబీడీ-1 ఉంటే సరిపోయేది, అది వైరు తెగిందా, షార్ట్ అయ్యిందా అన్నంతవరకే చూస్తుంది. 58 అని చెప్పే సెన్సర్ దాని లెక్కలో ఆరోగ్యంగా ఉన్నట్టే. లైట్ వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం పాత బండ్ల విషయంలో పనికిరాదు.

వరంగల్_పాతబండి
నాది 2005 బండి, ఈ అడాప్టర్లు దానితో మాట్లాడవు. నాకూ రిచ్ సమస్యే, హోస్ పరీక్షలో థర్మోస్టాట్ పాస్. నాలాంటివాళ్లు ఏం చూడాలి?

కరెంట్_సుబ్బు
మల్టీమీటర్ ఉందా? కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ప్లగ్ పీకి రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 2.5 కిలో ఓమ్స్, 80 దగ్గర 300 చిల్లర ఉంటుంది. వేడెక్కాక కూడా వేలల్లోనే ఉంటే, ఇంజన్ చల్లగా ఉందని అది అబద్ధం చెబుతున్నట్టు. మీటర్‌లో ముల్లుని నడిపే సెన్సర్ కొన్ని బండ్లలో వేరే ఉంటుంది, జాగ్రత్త. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడినా ఇసిఎమ్‌కి వెళ్లే సెన్సర్ పోయి ఉండొచ్చు.

అది బాగుంటే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ (ఇంజెక్టర్లకి వెళ్లే పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచేది) చూడండి. ఇంజెక్టర్ల రైలు చివర ఉంటే దానికి సన్నటి వాక్యూమ్ హోస్ ఉంటుంది. పీకి వాసన చూడండి. అందులో గాలి మాత్రమే ఉండాలి. పెట్రోల్ తడి ఉంటే లోపల డయాఫ్రమ్ చిరిగినట్టే, ఆ పెట్రోల్ ఇంజెక్టర్‌తో పనిలేకుండా నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతోంది. కొన్ని బండ్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, వాటికి ఈ పరీక్ష కుదరదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చెయ్యండి, దగ్గర్లో బీడీ సిగరెట్ ఎవరూ కాల్చకుండా చూసుకోండి.

విజయనగరం_రాజు
వరంగల్ అన్నా, ట్యాంక్ మూతి దాకా కొట్టించే అలవాటు ఉందా? కటాఫ్ పడ్డాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యి" అంటాం చూడు, ఆ ఎక్కువైన పెట్రోల్ ఆవిరి పోయే పైపులోంచి చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి (పెట్రోల్ ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా) వెళ్తుంది. అక్కడి నుంచి పర్జ్ వాల్వ్ గుండా ఇంజన్‌లోకి. ఫుల్ ట్యాంక్ కొట్టించిన వెంటనే వేడి ఇంజన్ స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తే నా అనుమానం దాని మీదే.

మియాపూర్_వాసి
అప్‌డేట్. కొత్త థర్మోస్టాట్, కొత్త రేడియేటర్ క్యాప్, కూలెంట్ ఫ్లష్, ఇంజన్ ఆయిల్ మార్పు. పాత ఆయిల్ నిజంగానే పెట్రోల్ కంపు కొట్టింది. హీట్ అవ్వడానికి కారణం కూడా దొరికింది, ఫ్యాన్ రిలే అప్పుడప్పుడు పట్టేది కాదు, మార్చేశాం. మొత్తం కలిపినా ఆ ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్టినంత కాలేదు.

ఇప్పుడు ఔటర్ మీద 86-88 దగ్గర నిలబడుతోంది. స్టార్ట్ చేసిన కాసేపటికే క్లోజ్డ్ లూప్‌కి వస్తోంది. సెన్సర్ వోల్టేజ్ 0.1కి, 0.8కి మధ్య ఊగుతోంది. ట్రిమ్ ప్లస్ 4. వాసన పోయింది. కటాఫ్ నుంచి కటాఫ్‌కి సిటీలో 13.4. పొల్యూషన్‌లో సీఓ 0.11.

15 దాకా ఇంకేమైనా లాగొచ్చా?

కాకినాడ_పెద్దాయన
గచ్చిబౌలి ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, ఈ20 పోసి 13.4 అంటే ఆ బండికి దండం పెట్టొచ్చు. ఇక దాన్ని వదిలెయ్యండి.

వరంగల్_పాతబండి
సెన్సర్ వేడి మీద 310 ఓమ్స్, అది బాగానే ఉంది. రెగ్యులేటర్ హోస్ పీకితే చుక్క కారి వేలి మీద పడింది, పెట్రోలే. పార్టు ఇక్కడ దొరకలేదు, హైదరాబాద్ రాణిగంజ్‌లో అడగమన్నారు. ఒరిజినల్ దొరక్కపోతే అదే ప్రెషర్ ఉన్న వేరే బండిది పడుతుందా, ఎవరైనా వేశారా?