సింహాల బండి మీది ఆ కంచు దేవత మన దుర్గమ్మేనా?

కృష్ణాతీరం: నిన్న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక కంచు విగ్రహం చూశాను. రెండు సింహాలు బండి లాగుతున్నాయి. బండి మీద సింహాసనంలో అమ్మవారు, తలపై కోట బురుజుల కిరీటం, ఒక చేతిలో పళ్లెం, రెండో చేతి దగ్గర డప్పు లాంటి వాద్యం. రోమన్ కాలం, క్రీ.శ. 2వ శతాబ్దం రెండో సగం, పేరు సిబెలె అని రాశారు. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. ఈమె మన దుర్గమ్మ కాక మరెవరు?

పాతనాణేలు: కాదండి. లాగడం వేరు, మోయడం వేరు. దుర్గకు సింహం వాహనం. హిమవంతుడు ఇచ్చాడని దేవీ మాహాత్మ్యమే చెబుతోంది. ఇక్కడ సింహాలు బండి లాగుతున్నాయి. సిబెలె ఫ్రిజియా దేవత, అంటే నేటి టర్కీ ప్రాంతం. కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతుండగా క్రీ.పూ. 204లో, ఆమె రూపంగా కొలిచే నల్లరాయిని రోమన్లు తమ నగరానికి తెచ్చుకున్నారు. క్రీ.పూ. 191లో రోములోని పాలటైన్ కొండ మీద గుడి ప్రతిష్ఠించారు. ఏటా మార్చి 27న ఆమెను బండిలో ఊరేగించి ఆల్మో వాగులో స్నానం చేయించేవారు. మీరు చూసిన విగ్రహం ఆ ఊరేగింపును తలపించేదే.

గోదారిగట్టు: ప్రాచీన గ్రీకు నగరం పెర్గమాన్‌లోని బలిపీఠం మీద ఆమె సింహాన్ని ఎక్కి వెళ్తూ కనిపిస్తుంది కదా? ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది.

పాతనాణేలు: అది గ్రీకుల శిల్పం. నేను ఈ కంచు విగ్రహం గురించి మాట్లాడుతున్నాను. ఇందులో సింహాలు లాగుతున్నాయి.

కృష్ణాతీరం: ఊరేగింపు, ఏటి స్నానం అని మీరే అన్నారు. మా ఊళ్లో ఉత్సవమూర్తికి జరిగేదీ అదే. అఫ్గానిస్తాన్‌లోని ప్రాచీన గ్రీకు నగరం ఐ ఖానుమ్‌లో దొరికిన వెండి పళ్లెం మీద ఇదే సిబెలె సింహాల రథంలో ఉంది. కుషాణుల నాణేల మీద నానా దేవత సింహం మీద కూర్చుంది. ఆమె ఆ దారిన మన దగ్గరికి రాలేదని ఎలా అంటారు?

పాతనాణేలు: వస్తే సింహం వచ్చి ఉంటుంది. దేవత రాలేదు.

తాటాకు: ఇద్దరూ ఇంకా సింహం దగ్గరే ఆగిపోయారు.

కృష్ణాతీరం: ఎందుకు ఆగానో చెబుతాను. మా ఊరి గుడిలో అమ్మవారి ఉత్సవ విగ్రహం పోయి ఇరవై రెండేళ్లయింది. జానెడు కంచు విగ్రహం. ఎడమ భుజం దగ్గర పసుపు నిలిచిపోయే చిన్న సొట్ట ఉండేది. మా నాన్నగారు అక్కడ అర్చకులు. ఫిర్యాదు చేయడానికి వెళితే ఫొటో ఉందా, అది మీదేనని రుజువేమిటి అని అడిగారు. ఆయన దగ్గర ఆ సొట్ట గుర్తు తప్ప ఏమీ లేదు. నేను ఇప్పటికీ ఏ మ్యూజియానికి వెళ్లినా ముందు కంచు విగ్రహాల గదికే వెళ్తాను. "ఈమె మీ దేవత కాదు" అని మీరు రాస్తే నాకు ఆనాటి మాటే వినిపించింది.

పాతనాణేలు: మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. అందుకే ఇంకా గట్టిగా చెబుతున్నాను. ఈమెకూ అర్చకులు ఉండేవారు. 4వ శతాబ్దం చివర చక్రవర్తులు ఆ పూజలన్నీ నిషేధించారు. తరువాతి కాలంలో ఎవరో ఈ సింహాల నోళ్లలో గొట్టాలు దూర్చి నీళ్లు చిమ్మే ఫౌంటెన్‌గా మార్చుకున్నారు. గుడి పోయింది, పూజ పోయింది, పేరొక్కటి మిగిలింది. మీ అమ్మవారిని ఎవరో తమ దేవత పేరుతో గాజు పెట్టెలో పెడితే మీరు ఒప్పుకుంటారా?

కృష్ణాతీరం: పూజ చేసేవారే లేని దేవతకు ఆ పేరు ఎవరి కోసం? ఆమెకు నేను చేతులు జోడించాను. మీరు తేదీలు చెప్పారు.

పాతనాణేలు: ఆ తేదీలు గుర్తుంచుకోవడమే నేను ఆమెకు చేయగలిగింది. అది మీకు తక్కువగా కనిపిస్తే నేనేమీ చేయలేను.

గోదారిగట్టు: ఒక్క మాట. ఫ్రిజియా శాసనాల్లో ఆమెను "మాతర్" అన్నారు. అంటే తల్లి. మన "మాతృ" శబ్దానికీ దానికీ మూలం ఒకటే.

పాతనాణేలు: మాతర్ అని పిలవండి, నాకు అభ్యంతరం లేదు. అది ఆమె పేరే.

కృష్ణాతీరం: ఎల్లుండి మళ్లీ వెళ్తున్నాను. నిన్న సింహాల నోళ్లు సరిగా చూడలేదు, ఆ గొట్టాలు ఈసారి దగ్గరగా చూస్తాను. గోదారిగట్టు గారూ, ఆ మాటను ఎలా పలకాలి? మొదటి అక్షరం మనలాగే దీర్ఘమా?