కట్ట నడుమ నుంచి ముక్క పంచే విద్య: కెన్నెడీదేనా, అంతకుముందే ఉందా?

పెన్నాగట్టు (నెల్లూరు)
మొన్న మూలాపేటలో నలుగురం కూర్చున్నప్పుడు మొదలైన గొడవ ఇది, ఎంతకీ తెగలేదు. పైముక్క పంచుతున్నట్టే కనిపిస్తూ కట్ట నడుమ నుంచి ముక్క లాగి వేయడాన్ని సెంటర్ డీల్ అంటారు. దాన్ని కనిపెట్టింది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రం ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊరి జూదరి అలెన్ కెన్నెడీ అని నా వాదన. 1932లో గారడీ మహా నిపుణుడు డాయ్ వెర్నన్, విచిటా జైల్లో ఉన్న అమడోర్ విల్లసెనోర్ అనే మెక్సికో జూదరి నోట ఈ సంగతి విన్నాడు. నీడబొమ్మలు కత్తిరించి పొట్టపోసుకుంటున్న రోజుల్లో కూడా పనిగట్టుకుని వెతికి కెన్నెడీని పట్టుకున్నాడు. అంతకుముందు ఇంకొకరు చేసినట్టు దాఖలా ఉంటే చూపండి.

కావలి మాస్టారు
దాఖలా లేకపోవడమే మీ ఆధారమా? జూదరి తన చేతివాటం బయటపెడితే కూడు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కాగితం మీద పెడతాడా? 1932 అనేది వెర్నన్ చెవిన పడ్డ ఏడాది, విద్య పుట్టిన ఏడాది కాదు. జారో షఫుల్ సంగతి చూడండి, అంటే కట్ట కలిపినట్టే కనిపిస్తూ ముక్కల వరుస చెడనివ్వని విద్య. 1957లో హెర్బ్ జారో పేరున ఒక గారడీ పత్రికలో అచ్చయింది కాబట్టి ఆయనదయింది. పేకాట మోసగాళ్ళలో అలాంటిది ముందే ఉందనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఒంగోలు కుర్రోడు
అన్నా, అమెరికా దాకా ఎందుకు? సంక్రాంతికి కోడిపందేల పక్కన లోనా బయటా (తీసిన ముక్కకు జత ఏ వైపు పడుతుందో పందెం కాసే పేకాట) ఆడించే ఒకాయన ఇలాగే నడిమి ముక్క లాగేవాడని మా బాబాయి ఒట్టేసి చెప్తాడు.

పెన్నాగట్టు
తమ్ముడూ, లోనా బయటాలో నడిమి ముక్కతో ఏం పని? జత ముక్క తనకు నష్టమొచ్చే వైపు పడకుండా కాసేపు ఆపితే చాలు. అంటే పైముక్కను అట్టే పెట్టి రెండో ముక్క వేయాలి. అది పాత విద్యే. అడుగు ముక్క పంచడంతో సహా, 1902లో ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో చికాగోలో వచ్చిన పుస్తకంలో ఉంది.

నడిమి ముక్క అవసరం వచ్చేది కోత ఉన్న ఆటలో, అంటే పంచే ముందు ఎదుటివాడు కట్టను రెండుగా విడదీసి కిందిది పైకి మార్చే ఆటలో. మోసగాడు మంచి ముక్కలన్నీ అడుగున పెట్టుకుంటాడు. ఎదుటివాడు కోసేసరికి అవి కట్ట మధ్యకు పోతాయి. ఇక కోతను ఎవరికీ తెలీకుండా వెనక్కి తిప్పాలి. దాన్నే పాస్, షిఫ్ట్ అంటారు. అందరి కళ్ళూ కట్ట మీదే ఉండే క్షణంలో చేయాలి, పెద్దపెద్ద వాళ్ళకే టెన్షన్. సెంటర్ డీల్ వచ్చినవాడికి ఆ బెంగ లేదు, ఎంత కోసినా కోసుకోమంటాడు. ఇంత పనికొచ్చేది ముందే ఉంటే అంత వివరంగా రాసిన ఎర్డ్‌నేస్ వదిలేస్తాడా, మాస్టారూ?

కావలి మాస్టారు
ఆయనకు తెలిసింది ఆయన రాశాడు. 1902కూ 1932కూ మధ్య ముప్పై ఏళ్ళున్నాయి, అమెరికా నిండా పేకాట బల్లలున్నాయి.

ఉదయగిరి మెజీషియన్
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. కోత అనే అడ్డంకి ప్రతి మోసగాడికీ ఒకటే. అలాంటప్పుడు ఒకరికొకరు తెలియకుండానే ఇద్దరు ముగ్గురు ఇదే దారి పట్టి ఉండొచ్చు. కాకపోతే చేతికి రావడం మహా కష్టం. కిందా పైనా ఉన్న ముక్కలు కదలకూడదు, చప్పుడు రాకూడదు. నేను చేస్తే మా ఇంట్లో పిల్లలు కూడా పట్టేస్తారు. బాగా చేస్తే ఆటలో ఎవరి కంటా పడదు కాబట్టి, బాబాయిల సాక్ష్యం అటూ చెల్లదు, ఇటూ చెల్లదు. నా ఓటు కెన్నెడీకే. ఊరూ పేరూ ఉండి, నిపుణుడు ఎదుట నిలబడి చూసిన చేతులు ఆయనవే.

కావలి మాస్టారు
అలాగైతే "మొదట దొరికినవాడు" అని రాయండి, ఒప్పుకుంటాను. "కనిపెట్టినవాడు" అంటే మాత్రం ఒప్పుకోను.

ఒంగోలు కుర్రోడు
మాస్టారూ, ఈ లెక్కన మా బాబాయి చెప్పిన ఆయన కూడా దొరకనివాళ్ళ జాబితాలో ఉన్నట్టేగా?

పెన్నాగట్టు
ముందు ఆ ఆటలో కోత ఎవరు కోసేవాళ్ళో బాబాయిని అడిగి రా, తర్వాత చూద్దాం.