గ్రీన్ లేజర్ నూనెలో రంగు మారితే అది రామన్ ఎఫెక్టేనా?

ప్రశ్న (రాజోలు హైస్కూల్ సైన్స్ టీచర్):
ఫిబ్రవరి 28న సైన్స్ డేకి పిల్లలకి రామన్ ఎఫెక్ట్, అంటే అణువులకి తగిలి చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారడం, చూపించాలండి. గ్రీన్ లేజర్‌ని వంటనూనెలోకి కొడితే గీత నారింజరంగులోకి మారే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. కొబ్బరినూనెతో చేయొచ్చా? 5 మిల్లీవాట్ల పాయింటర్ ఉంది. చార్టులో ఏం రాయించాలో కూడా చెప్పండి.

జవాబు 1:
మాస్టారూ, అంత కొట్టొచ్చినట్టు కనిపించిందంటే అది ఫ్లోరసెన్సే అయ్యుంటుందండి. నూనెలోని రంగు పదార్థాలు లేజర్‌ని మింగి వేరే రంగు కక్కుతాయి. రామన్ కాంతి చాలా పీలగా ఉంటుంది, మామూలు గదిలో కంటికి ఆనదు.

తేడా తేల్చాలంటే లేజర్ మార్చి చూడండి. ఫ్లోరసెన్స్ తన రంగు దగ్గరే ఉండిపోతుంది. రామన్ గీత లేజర్ వెంట జరుగుతుంది: ఆల్కహాల్లో 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న గ్రీన్‌కి అది 630 దగ్గర (నారింజ-ఎరుపు), 405 ఊదాకి 460 దగ్గర (నీలం) పడుతుంది.

కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి ఫిబ్రవరి పొద్దున్న సీసా తెల్లగా మసకబారి, లోపల వెలుగంతా చెల్లాచెదురవుతుంది.

జవాబు 2:
1928లో రామన్, ఆయనతో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ వాడిన ఉపాయమే మనకీ సులువు. ఎండని 18 సెంటీమీటర్ల టెలిస్కోపు కటకంతో పోగుచేసి, నీలి-ఊదా ఫిల్టర్ గుండా ద్రవంలోకి పంపారు. కంటి ముందు పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టారు. రెండూ కలిస్తే చీకటే మిగలాలి, కానీ గీత కనిపించింది! అరవై రకాల ద్రవాల్లో ఇలాగే చూశారు.

మీరు సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. ఫిల్టర్ పేపర్లో వడకట్టి గాజు బీకర్లో పోయండి. ప్లాస్టిక్ సీసా అయితే దాని గోడే వెలిగి మోసం చేస్తుంది. వెనక నల్ల కాగితం పెట్టి, గ్రీన్‌ని ఆపే నారింజరంగు లేజర్ కళ్లజోడు లోంచి పక్కనుంచి, అంటే 90 డిగ్రీల్లో చూడాలి. లేజర్‌కి ఎదురుగా ఎవరూ కన్ను పెట్టకూడదు. తలుపులు మూసి ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుంటే తప్ప కంటికి చూపు కుదరదు. అప్పటికీ కనిపించకపోతే కళ్లజోడు అద్దాన్ని ఫోన్ కెమెరాకి అడ్డంపెట్టి, ప్రో మోడ్‌లో 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
కళ్లజోడు పెట్టినా గీత పచ్చగానే కనిపిస్తే?

జవాబు 2:
కళ్లజోడు గ్రీన్‌ని కారుస్తోందన్నమాట. ముందు లేజర్ చుక్కని గోడ మీద వేసి అద్దం లోంచి చూడండి, పూర్తిగా మాయమవ్వాలి. ద్రవంలో గీత చుక్కలు చుక్కలుగా మెరిస్తే అది దుమ్ము, ఇంకోసారి వడకట్టండి. కాలవ నీళ్లతో అసలు ప్రయత్నించొద్దు. ఒండ్రు వల్ల గీత బాగానే కనిపిస్తుంది గానీ రంగు మారదు, అది టిండాల్ ఎఫెక్ట్.

జవాబు 3:
చార్టు సంగతి. ఫిబ్రవరి 28 రామన్ పుట్టినరోజని చాలామంది రాసేస్తారు, తప్పు. అది 1928లో కలకత్తాలో ఆయన ఈ ఎఫెక్ట్‌ని కనిపెట్టిన రోజు. పుట్టింది 1888 నవంబర్ 7న. నోబెల్ 1930లో, ఆయనొక్కరికే వచ్చింది. కృష్ణన్ పేరు లేకపోయినా చార్టులో ఆయన బొమ్మ ఉండాల్సిందే. భారతరత్న 1954లో.

ఇంకోటండి, సముద్రం నీలంగా ఉండడానికి కారణం రామన్ ఎఫెక్ట్ అని రాయించకండి. 1921 ఓడ ప్రయాణంలో ఆయనకి ఆ నీలం మీద ఆసక్తి కలిగిన మాట నిజమే. కానీ నీలానికి కారణం నీరు ఎరుపుని మింగడం, రంగు మారకుండా జరిగే మామూలు చెదురు. బొమ్మకి అంతర్వేది ఫొటో మాత్రం పెట్టకండి, అక్కడ గోదావరి ఒండ్రుతో నీళ్లు మట్టిరంగులో ఉంటాయి.