అప్‌డేట్: నాన్న విండోస్ 7 ఫోల్డర్ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది

నాన్న మిర్చి కమీషన్ లెక్కలన్నీ గుంటూరు ఇంట్లో ఉన్న పాత విండోస్ 7 డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. అది నా విండోస్ 11 ప్రో (24హెచ్2) ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది గానీ ఫోల్డర్ తెరుచుకోవట్లేదని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

“పాస్‌వర్డ్ ఉందా?” అని అడిగినవారే అసలు సంగతి పట్టుకున్నారు. లేదు! ఎవరొచ్చినా గెస్ట్‌గా రానిచ్చేలా షేర్ చేసి ఉంది, కొత్త విండోస్ ప్రో అలా వెళ్లనివ్వదు. డెస్క్‌టాప్‌లో వేరే యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టాను. అయినా ‘యాక్సెస్ డినైడ్’ అంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్‌లోనే అనుమతిచ్చి సెక్యూరిటీ ట్యాబ్ మర్చిపోయాను. అక్కడా ఇచ్చాక, ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు వరుసగా కొడితే వెంటనే తెరుచుకుంది.

రౌటర్ రీసెట్, ఫైర్‌వాల్ ఆపడం వృథా ప్రయాస. ఎస్‌ఎంబీ 1 (విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో పాత వెర్షన్) కూడా ఆన్ చేశాను, కానీ అది విండోస్ ఎక్స్‌పీ లాంటి వాటికే కావాలి. విండోస్ 7కి ఎస్‌ఎంబీ 2 వచ్చు. మళ్లీ తీసేశాను. విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగింది కాబట్టి ఆ డెస్క్‌టాప్‌కి రౌటర్‌లో ఇంటర్నెట్ కూడా ఆపేశాను.

నాన్న మాత్రం ఇప్పటికీ పెన్‌డ్రైవే తెచ్చిస్తున్నారు.